పదో మనిషి: కొచ్చి నుంచి కొత్తరెడ్డిపాలెం దాకా

మంగళవారం, ఎర్నాకుళం

తెనాలిలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినప్పటి నుంచి మా పిన్నిది ఒకటే గోల. "ఇంతకీ చూసేది గుడా, చర్చా?" రెండూ కాదు, యూదుల సినగాగ్ అంటే ఎక్కలేదు. చివరికి, "బైబిల్లో సమాజమందిరం అని వస్తుందే, అది" అన్నాను. పిన్ని చిన్నప్పుడు గుంటూరులో మిషన్ స్కూల్లో చదివింది. ఇంట్లో వెంకటేశ్వరస్వామే అయినా సువార్తలు సగం నోటికొచ్చు. "అట్లా చెప్పవే మరి! యేసు లేచి నిలబడి గ్రంథం చదివిన చోటు" అని, అప్పుడు శాంతించి వేరుశనక్కాయలు ఒలుచుకుంది.

హీబ్రూలో ఆ చోటికి వాళ్ళు పెట్టుకున్న పేరుకి కూడా అర్థం అదే, కూడుకునే ఇల్లు. మన బైబిల్ అనువాదకులు గుడి అనీ ఆలయం అనీ రాయకుండా సమాజమందిరం అని రాయడంలో ఎంత తెలివి ఉందో ఈ ప్రయాణంలో నాకు బాగా తెలిసొచ్చింది.

మధ్యాహ్నం దిగి, లాడ్జిలో సామాను పడేసి, సాయంత్రం మార్కెట్ రోడ్డుకి వెళ్ళాం. సందంతా హోల్‌సేల్ కొట్లు, తోపుడు బళ్ళు, ఉల్లిపాయ బస్తాలు. ఆటో అతను దింపింది ఒక రంగు చేపల కొట్టు ముందు. గాజు తొట్లు, మొక్కల కుండీలు, గోడకి వేలాడుతున్న చేపల మేత పాకెట్లు. "ఇదేందే, అక్వేరియమా?" అంది పిన్ని. తొట్ల మధ్య సందులోంచి వెనక్కి నడిస్తే కడవుంభాగం సినగాగ్.

కడవు అంటే మలయాళంలో రేవు. రేవు వైపుది కడవుంభాగం, పక్క వీధిలో దక్షిణం వైపుది తెక్కుంభాగం. 1950ల నుంచి కేరళ యూదులు ఇజ్రాయెల్‌కి వలస కట్టారు. కుటుంబాలకి కుటుంబాలే కదిలిపోవడంతో 1972లో ఇక్కడ ప్రార్థనలు ఆగిపోయాయి. ఊళ్ళో మిగిలిన కొద్దిమందిలో ఒకరు ముందు భాగంలో మొక్కలూ చేపలూ అమ్ముకుంటూ భవనాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. 2018లో బాగు చేయించి, తోరా గ్రంథాన్ని, అంటే మోషే ధర్మశాస్త్రాన్ని, మళ్ళీ తెచ్చి పెట్టారు.

మేం వెళ్ళేసరికి కొట్లో ఒక కుర్రాడు మాత్రమే ఉన్నాడు. మేత తూస్తున్నవాడు చేతులు తుడుచుకుని వచ్చి లైట్లు వేశాడు. టేకు చెక్క, మధ్యలో కటకటాలున్న గుండ్రటి అరుగు, ఎదురు గోడకి చెక్కిన పెద్ద అలమర, పైన మూడు వైపులా తిరిగిన మేడ. పిన్ని చుట్టూ చూసి నా చెవిలో అడిగింది, "దేవుడేడే?"

లేడు. అంటే, విగ్రహం లేదు, పటం లేదు, గర్భగుడి లేదు. ఉన్నది ఆ అలమరే. కొచ్చి యూదులు దాన్ని హేఖాల్ అంటారు. దాని తలుపుల వెనక చేత్తో రాసిన తోలు చుట్టలు, మోషే ధర్మశాస్త్రం. మధ్యలో ఉన్న అరుగు తేబా, దాని మీద నిలబడి చదువుతారు. చదివేవాడు పూజారి కానక్కర్లేదు. అసలు కేరళ యూదులకి రబ్బీలే, అంటే మతగురువులే, ఉండేవారు కారు. చదువు వచ్చిన పెద్దమనిషి ఎవరైనా ముందు నిలబడి నడిపించేవాడు.

మరి ఏం లేకపోతే ఇది ఆగిపోతుంది? ఆ కుర్రాడు రెండు చేతుల వేళ్ళూ విప్పి చూపించాడు. పది మంది. పదమూడేళ్ళు నిండిన మగవాళ్ళు పది మంది కూడితేనే సామూహిక ప్రార్థన మొదలవుతుంది, అలమరలోంచి గ్రంథం తీసి చదువుతారు. తొమ్మిది మంది ఉంటే, వాళ్ళు ఎంత పండితులైనా సరే, ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకోవాల్సిందే. పదో మనిషి గుమ్మంలోకి వచ్చాకే లెక్క.

"ఆడవాళ్ళు లెక్కలోకి రారా?" అంది పిన్ని. సంప్రదాయం ప్రకారం రారు. ఇప్పుడు కొన్ని దేశాల్లో కొన్ని శాఖలు కలుపుకుంటున్నాయి కానీ ఇక్కడ పాత పద్ధతే. "ఎక్కడికెళ్ళినా ఇంతే" అని మూతి తిప్పుకుని చేపల దగ్గరికి వెళ్ళిపోయింది.

బుధవారం, మట్టాంచేరి

పరదేశి సినగాగ్‌లోకి శనివారం సందర్శకులని రానివ్వరు, శుక్రవారం సంగతీ నమ్మలేం. అందుకే ఈ ప్రయాణమంతా బుధవారం చుట్టూ అల్లాను. హైకోర్టు జెట్టీలో వాటర్ మెట్రో ఎక్కి ఫోర్ట్ కొచ్చిలో దిగాం. అక్కణ్ణుంచి ఆటో.

జ్యూ టౌన్ వీధి మొదట్లోనే మిరియాలు, సొంఠి, యాలకుల ఘాటు. ఒక కొట్టు ముందు ఎండుమిరపకాయల బస్తా చూసి పిన్ని ఆగిపోయింది. ఒక కాయ తుంచి వాసన చూసి "మనదే" అని తేల్చేసింది. కొట్టువాడు అవునన్నాడు, కాదన్నా ఒప్పుకునేది కాదు. పాత కొట్లన్నీ ఇప్పుడు శాలువాలూ ఇత్తడి సామానూ అమ్ముతున్నాయి. కిటికీ చువ్వల్లో ఆరు కోణాల నక్షత్రాలు మాత్రం అక్కడక్కడా అలాగే ఉన్నాయి.

వీధి చివర గడియార స్తంభం. 1760లో డచ్చివాళ్ళతో వ్యాపారం చేసిన యెహెజ్కేల్ రహబి కట్టించాడు. రాజుగారి కోట వైపున్న ముఖం మీద మలయాళం అంకెలు. మిగతా రెంటిలో ఒకదాని మీద హీబ్రూ, ఇంకోదాని మీద రోమన్. ఒకే వేళని ముగ్గురికి మూడు భాషల్లో చెప్పడం! కోటా సినగాగూ పక్కపక్కనే. కోట ఆవరణలోని భగవతి గుడికీ దీనికీ గోడ ఒకటే. 1568లో రాజుగారిచ్చిన స్థలంలో కట్టుకున్నారు. 1662లో పోర్చుగీసువాళ్ళ చేతిలో దెబ్బతింటే, డచ్చివాళ్ళు వచ్చాక మళ్ళీ నిలబెట్టుకున్నారు.

పరదేశి అన్న పేరు స్పెయిన్ నుంచీ పడమటి దేశాల నుంచీ తర్వాత వచ్చి చేరినవాళ్ళని బట్టి వచ్చింది. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే మలబారు యూదులు ఇక్కడున్నారు. సుమారు 1000లో చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకి రాగి రేకుల మీద 72 హక్కులు రాసిచ్చాడు. పల్లకీ, గొడుగు, పగటి దివిటీ, బాజా, పన్నుల మినహాయింపు. ఆ రేకులు ఈ సినగాగ్ దగ్గరే ఉన్నాయి. ఆవరణ గోడలో ఇంకో రాయి కూడా చూపించారు. దగ్గర్లోని కొచ్చంగాడిలో 1344లో కట్టిన సినగాగ్‌ది. ఆ భవనం పోయింది, హీబ్రూ అక్షరాలున్న రాయి మిగిలింది.

గుమ్మం దగ్గర చెప్పులు వదలాలి. పిన్నికి ఇది నచ్చింది. "చూశావా, మనలాగే" అంది. ప్రపంచంలో ఎక్కువ చోట్ల యూదులు బూట్లతోనే లోపలికి వెళ్తారు. కేరళలో మాత్రం ప్రార్థనకి వచ్చినవాళ్ళూ వట్టికాళ్ళతోనే వచ్చేవారు. గుమ్మం కమ్మీకి కుడివైపు చిన్న గొట్టం లాంటి డబ్బా కొట్టి ఉంటుంది. దాన్ని మెజూజా అంటారు, లోపల ధర్మశాస్త్ర వాక్యాలు రాసిన తోలు ముక్క ఉంటుంది. మా ముందు వెళ్ళిన విదేశీ ముసలాయన దాన్ని వేళ్ళతో తాకి, వేళ్ళని పెదాలకి ఆనించుకున్నాడు. పిన్ని కూడా తాకి, అలవాటుగా కళ్ళకద్దుకుంది.

లోపల అడుగు పెట్టగానే పాదాలకి చల్లగా తగిలేది చైనా పలకల నేల. 1762లో కాంటన్ నుంచి తెప్పించినవి, 1,100 దాకా ఉంటాయి. తెలుపు మీద నీలం. ఏ రెండూ ఒకలా ఉండవు అని గైడు పాఠం ఒప్పజెప్పాడు. నాకు అనుమానమొచ్చి గోడవారగా కూర్చుని చూశాను. నమూనాలు కొన్నే, అవే తిరిగి తిరిగి వస్తున్నాయి. కానీ అన్నీ చేత్తో వేసినవి. ఒకదాంట్లో విల్లో కొమ్మ సన్నగా జారిపోతే, పక్కదాంట్లో కుంచెకి రంగు ఎక్కువై కొమ్మ చివర బొట్టు కట్టింది. ఇంకోదాంట్లో చివరికొచ్చేసరికి రంగు అయిపోయి, గీత గీరుకుపోయింది. గైడుది అబద్ధమని కొట్టిపారేయలేం, నిజమని ఒప్పుకోనూలేం. ఈ పలకల వెనక ఇక్కడో కథ చెప్పుకుంటారు. రాజుగారు కోటకి తెప్పిస్తే, వీటి తయారీలో ఆవు రక్తం కలుస్తుందని ఎవరో చెవిలో వేశారట. దాంతో ఆయన వద్దనుకుంటే వీళ్ళు తీసుకున్నారట. ఆ "ఎవరో" ఎవరై ఉంటారా అని గైడు కన్ను గీటాడు.

తలెత్తితే బెల్జియం గాజు దీపాలు. వాటి మధ్య నూనె పోసి వత్తి వేసే గాజు గ్లాసులు గొలుసులకి వేలాడుతున్నాయి. మధ్యలో ఇత్తడి కటకటాల తేబా, చేతులు తగిలి తగిలి నునుపెక్కింది. చుట్టూ గోడవార బల్లలు. అందరూ ఒకవైపు తిరిగి వేదికను చూసే ఏర్పాటు కాదు, మధ్యనున్న చదువు చుట్టూ కూర్చునే ఏర్పాటు. మన ఊళ్ళో రచ్చబండ మధ్య పురాణం చదివేవాడి చుట్టూ జనం చేరినట్టు. పడమటి గోడకి హేఖాల్. మన గుళ్ళో స్వామి తూర్పు ముఖంగా ఉంటాడు కనుక మనం పడమటికి తిరిగి దండం పెడతాం, వీళ్ళు పడమటికి తిరగడానికి కారణం వేరు. ఇక్కణ్ణుంచి యెరూషలేము పడమట. యూరప్‌లో సినగాగులు ఇదే లెక్కన తూర్పుకి తిరిగి ఉంటాయి.

హేఖాల్ ముందు పరదా. లోపలి తోరా చుట్టలకి తొడుగులు, పైన కిరీటాలు. తిరువాన్కూరు రాజుగారు 1805లో ఇచ్చిన బంగారు కిరీటం వాటిలో ఒకటి. ఒక్కో చుట్టలో 3,04,805 అక్షరాలు. అన్నీ చేత్తో, తోలు మీద రాసినవే. ఒక్క అక్షరం చెదిరినా సరిచేసేదాకా దాన్ని సభలో చదవకూడదు. బాగుచేయలేనంత పాతబడితే పారేయరు, మనిషిని పూడ్చినట్టు పూడుస్తారు. చదివేటప్పుడు అక్షరం మీద వేలు ఆనించరు, చివర చిన్న చెయ్యి ఉన్న వెండి పుల్లతో వరస పట్టుకుంటారు. పిన్ని ఇదంతా విని, "మరి ఇదే వాళ్ళ మూలవిరాట్టు" అంది. తోరా సంబరం నాడు ఈ చుట్టలని బయటికి తీసి, పాటలు పాడుతూ ఆవరణ చుట్టూ తిప్పుతారని గైడు చెబితే, "ఇంకేం, ఉత్సవమూర్తి కూడా" అని పూర్తి చేసింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మేడ. కింద తేబా ఉండగా, మేడ మీద ఇంకో తేబా ఉంది. కేరళ సినగాగుల ప్రత్యేకత ఇది. మామూలు రోజుల్లో కింద చదువుతారు, విశ్రాంతి దినమైన శనివారం నాడూ పండగలకీ పైనుంచి తోరా చదువుతారు. ఆ పై అరుగు వెనకే జాలీ తెర, తెర వెనక ఆడవాళ్ళ చోటు. పదిమంది లెక్కలోకి రానివాళ్ళకే చదువు అందరికన్నా దగ్గరగా వినిపిస్తుందన్నమాట. పిన్నికి చెప్పాను. కాసేపు పైకి చూసి "సరేలే" అంది. నిన్నటి మూతి విరుపు కొంచెం సర్దుకుంది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. గుమ్మం దాటగానే, ప్రార్థన గదికి ముందు ఒక వసారా ఉంది, అజారా. ఒకప్పటి బానిసలకి పుట్టి విడుదలైనవాళ్ళ సంతతి మీద పరదేశి యూదులు ఎన్నో తరాలు అంటరానితనం లాంటిదే నడిపారు. లోపల బల్లల మీద కూర్చోనివ్వరు, తోరా చదవడానికి పిలవరు. ఆ వసారాలోనే కూర్చోవాలి. ఆ సంతతిలో పుట్టి న్యాయవాది అయిన ఎ.బి. సేలం 1929 లాహోర్ కాంగ్రెస్‌కి వెళ్ళొచ్చిన మనిషి. గాంధీ పద్ధతిలో ఇదే సినగాగ్‌లో సత్యాగ్రహం చేశాడు. అడ్డుగోడలు ఒక్కొక్కటే పడ్డాయి. కానీ అవి పూర్తిగా పడేసరికి జనమే ఊరొదిలి వెళ్ళడం మొదలైంది. పదో మనిషి కోసం ఎదురుచూసే మతంలో, గుమ్మంలో కూర్చున్న మనిషిని లెక్కపెట్టకపోవడం! గైడు ఈ సంగతి చెప్పలేదు. నేనే అడిగితే, టైమైపోతోందన్నాడు.

1968లో నాలుగు వందల ఏళ్ళ పండగకి ఇందిరాగాంధీ వచ్చింది, తపాలా బిళ్ళ వేశారు. ఇవాళ ఆ వీధిలో పరదేశి యూదులు దాదాపు ఎవరూ మిగల్లేదు. బయటి దేశాల యూదు యాత్రికులు వచ్చి కలిస్తేనే పది మంది అవుతారు. మేం చూసిన ముసలాయన అలాగే ఎవరికోసమో చూస్తున్నట్టు చాలాసేపు బల్ల మీద కూర్చున్నాడు. టికెట్ల వేళ అయిపోయిందని లేపేశారు.

ఇదే మట్టాంచేరిలో ఇంకో కడవుంభాగం సినగాగ్ ఉండేది. లోపలి చెక్కపనిని 1990లలో విప్పి తీసుకెళ్ళి యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో అమర్చారు. ఇక్కడ మిగిలిన ఉత్త గోడల ముందు భాగం 2019 వానలకి కూలింది. బయట నిలబడి చూసి వచ్చేశాం.

గురువారం, పరవూరు, చేందమంగలం

ఎర్నాకుళం నుంచి ఉత్తరంగా బస్సు. ఈ రెండు ఊళ్ళ సినగాగులూ ఇప్పుడు ముజిరిస్ అనే కేరళ ప్రభుత్వ వారసత్వ పథకం కింద బాగుచేసిన మ్యూజియంలు.

పరవూరుది పొడవాటి కట్టడం. వీధి వైపు పడిప్పుర అనే రెండంతస్తుల ముఖద్వారం, తర్వాత స్తంభాల నడవ, తర్వాత ముంగిలి, అజారా, చివర ప్రార్థన గది. బయటినుంచి చూస్తే పెద్ద నాయర్ల ఇల్లో, గుడి నడవో అనుకుంటాం. ఎర్ర జాంబిట్టి రాయి, సున్నం పూత, పెంకుల కప్పు. ఆడవాళ్ళు మేడకి ఎక్కడానికి బయటినుంచి వేరే మెట్లు. లోపలి హేఖాల్, తేబా నకళ్ళు. అసలువి ఇజ్రాయెల్ వెళ్ళిపోయాయి. నకలు బాగానే ఉంది, కొత్త పెళ్ళికి అద్దెకి తెచ్చిన నగలా మెరుస్తోంది. ఎక్కువసేపు ఉండబుద్ధి కాలేదు.

చేందమంగలం వేరు. ఊరు చిన్నది, పచ్చగా ఉంది, సినగాగ్ కూడా చిన్నదే. గుడి, చర్చి, మసీదు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. శంఖం, గంట, అజాన్, యూదులు పొట్టేలు కొమ్ముతో ఊదే బూర, నాలుగూ ఒకే గుట్ట మీదినుంచి వినిపించేవని ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. కొమ్ము ఊదేవాళ్ళు వెళ్ళిపోయారు. మిగతా మూడూ వినిపిస్తున్నాయి.

ముందు ఆవరణలో నిలబెట్టిన ఒక సమాధి రాయి ఉంది. ఇజ్రాయేలు కూతురు శారా, 1269. మన దేశంలో దొరికిన హీబ్రూ శాసనాల్లో ఇదే అన్నిటికన్నా పాతదంటారు. పక్కన బోర్డు లేకపోతే మా ఊళ్ళో పొలం గట్టు రాయి అనుకునేదాన్ని. పిన్ని దానికి నీడ పడేలా నిలబడి, నేను అక్షరాలు చూసేదాకా కదల్లేదు.

లోపల ఎరుపూ బంగారు రంగుల హేఖాల్. మగవాళ్ళు పై తేబాకి ఎక్కడానికి గది మూలలో చెక్కతో చేసిన మెలిక మెట్లు. తలెత్తిన పిన్ని "అరె, తామరపూలు!" అంది. గడులు గడులుగా చేసిన చెక్క కప్పులో గడికో పద్మం. చేసిన వడ్రంగులు గుడికీ ఇల్లుకీ చేసే చేత్తోనే దీనికీ చేశారు. బొమ్మ పెట్టకూడదన్న నియమానికి పువ్వు అడ్డు రాలేదు.

మ్యూజియం పలకల మీద నాకు నచ్చింది ఆడవాళ్ళ పాటల సంగతి. కేరళ యూదు స్త్రీలు మలయాళంలో పాటలు కట్టి, నోటు పుస్తకాల్లో రాసుకుని, తల్లి నుంచి కూతురికి అందించారు. చాలా దేశాల యూదు సంప్రదాయంలో పరాయి మగవాళ్ళ ముందు ఆడవాళ్ళు పాడకూడదు. ఇక్కడ పెళ్ళిళ్ళలో మగవాళ్ళ ముందే పాడేవారు. ఇజ్రాయెల్ వెళ్ళిన ముసలమ్మలు మూటల్లో ఆ పుస్తకాలు కట్టుకుపోబట్టే అవి మిగిలాయి.

తిరిగొచ్చేటప్పుడు చేందమంగలం చేనేత సొసైటీలో పిన్ని ఒక సెట్టు ముండు, అంటే కేరళ ఆడవాళ్ళు కట్టే రెండు ముక్కల బట్ట, కొంది. ధర మీద అరగంట బేరం, నాకు రాని మలయాళంలో, తనకీ రాని మలయాళంలో. ఎవరూ తగ్గలేదు.

శుక్రవారం, రైల్లో

ఉదయం లాడ్జిలో లేని వేడినీళ్ళకి కూడా బిల్లు వేశారు. తగవు పెట్టుకుంటే రైలు తప్పుతుందని కట్టేసి వచ్చాం.

సేలం దాటాక పొద్దు కుంకింది. ఇప్పుడు విశ్రాంతి దినం మొదలైందని పిన్నికి చెప్పాను. వాళ్ళకి రోజు సాయంత్రంతో మొదలవుతుంది. రేపు చుక్కలు మూడు పొడిచేదాకా నిప్పు రాజేయకూడదు. అందుకే సినగాగ్‌లో ఆ గాజు గ్లాసుల్లో కొబ్బరినూనె ముందే నింపి, పొద్దు వాలకముందే వెలిగించి, దానంతటదే ఆరేదాకా వదిలేస్తారు. "సందెదీపం మనకీ ఉందిగా, కొండెక్కితే మళ్ళీ వెలిగిస్తాం, అంతే తేడా" అంది పిన్ని. ఆ మాట అని సీటు మీద కాళ్ళు చాపి పడుకుంది.

శనివారం, చేబ్రోలు

గుంటూరులో దిగి, సామాను క్లోక్‌రూంలో పెట్టి, పొన్నూరు బస్సెక్కాం. చేబ్రోలు పిన్నికి కొత్త కాదు, నాలుగు ముఖాల బ్రహ్మ గుడికి ఎన్నిసార్లు వచ్చిందో. ఆ పక్కనే కొత్తరెడ్డిపాలెంలో సినగాగ్ ఉందని మాత్రం ఇన్నేళ్ళూ తెలియదు.

ఇక్కడివాళ్ళు తమని బెనె ఎఫ్రాయిమ్ అంటారు, ఎఫ్రాయిము గోత్రపు సంతానం అని. మాదిగ కుటుంబాలు, ఎక్కువమంది కూలి పనికి వెళ్ళేవాళ్ళు. ఒకప్పుడు క్రైస్తవులుగా ఉండి, 1991లో సినగాగ్ పెట్టుకున్నారు. ఇజ్రాయెల్ వీళ్ళని యూదులుగా ఇంకా గుర్తించలేదు. ఎవరు గుర్తించారు, ఎవరు గుర్తించలేదు అన్న లెక్క మట్టాంచేరి వసారా చూసొచ్చాక నాకు అంత సూటిగా అనిపించడం లేదు.

చైనా పలకలు లేవు, బెల్జియం దీపాలు లేవు. మామూలు ఇల్లు. కిటికీలోంచి పాట వస్తోంది, హీబ్రూ మాటలు కొన్ని, వెంటనే తెలుగు. మన రాగమే. ఫోన్ తీయబోయి, విశ్రాంతి దినమని గుర్తొచ్చి సంచీలో పడేశాను.

గుమ్మం బయట చెప్పులు. నాకు తెలియకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆడవాళ్ళవి, పిల్లలవి పక్కకి తీసేస్తే మగవాళ్ళవి ఎన్ని? ఆరు, ఏడు. ఒక జత ఆడవాళ్ళదో మగవాళ్ళదో తేలలేదు. ఎనిమిది. గోడ పక్కన టైరు చెప్పులు, తొమ్మిది.

"ఎండలో నిలబడ్డారేందమ్మా, లోపలికి రండి" అని లోపల్నుంచి ఒకావిడ పిలిచింది. పిన్ని అప్పటికే చెప్పులు వదిలేసి, కొంగు తలమీదికి లాక్కుని మెట్టెక్కేసింది.

అప్పుడే సందు మొగలోంచి ఒక పిల్లాడు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. నెత్తిమీద చిన్న టోపీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చొక్కా బొత్తాం పెట్టుకుంటూ, చెప్పుల్ని అటొకటి ఇటొకటి విసిరేశాడు. మీసం ఇంకా రాలేదు. పన్నెండుంటాయో, పదమూడు నిండాయో. అడుగుదామని నోరు తెరిచేసరికి లోపలికి దూరిపోయాడు.